రామాపురం క్రాస్‌రోడ్డు దాటితే సీబీఐకి రూల్ మారుతుంది.. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలో ఏ కేసు ఎవరి చేతికి?

హైదరాబాద్-విజయవాడ హైవేపై కోదాడ దాటగానే రామాపురం క్రాస్‌రోడ్డు వస్తుంది. అక్కడి చెక్‌పోస్ట్ దాటితే ఆంధ్రప్రదేశ్. కారులో వెళ్లేవాళ్లకు మారేది బోర్డులు, పెట్రోల్ రేటు అంతే. అదే రోడ్డుపై ఒక సీబీఐ అధికారి వెళ్తుంటే మాత్రం ఆయన కేసు పెట్టే అధికారం కూడా అక్కడే మారిపోతుంది. జగ్గయ్యపేట వైపు రాష్ట్ర ప్రభుత్వం ముందుగానే ఇచ్చిన సాధారణ సమ్మతి ఉంది. కోదాడ వైపు లేదు. తెలంగాణ ప్రభుత్వం 2022 ఆగస్టు 30న దాన్ని వెనక్కి తీసుకుంది.

ఊళ్లో ఏదైనా పెద్ద కేసు బయటికి రాగానే "సీబీఐకి ఇవ్వాలి", "ఎన్ఐఏ రావాలి", "ఈడీ ఏం చేస్తోంది" అనే డిమాండ్లు వినిపిస్తాయి. ఈ మూడింటినీ కలిపి చాలామంది 'సెంట్రల్ పోలీస్' అనుకుంటారు. అలాంటిది దేశంలో లేదు. ఉన్నవి వేర్వేరు శాఖల కింద, వేర్వేరు చట్టాలతో పనిచేసే సంస్థలు. ఒక్కొక్కదానికి రాష్ట్రంలోకి వచ్చే దారి ఒక్కోలా ఉంటుంది. ఈ దారులు ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ తెగిపోతాయో తెలుసుకోవాలంటే సూర్యాపేట బస్టాండ్‌ను మించిన ఉదాహరణ దొరకదు.

ఆ రాత్రి సూర్యాపేటలో ఏం జరిగింది?

2015 ఏప్రిల్ 1 అర్ధరాత్రి. సూర్యాపేట హైటెక్ బస్టాండ్ దగ్గర పోలీసులు బస్సు తనిఖీ చేస్తున్నారు. ఇద్దరు ప్రయాణికులపై అనుమానం వచ్చి ప్రశ్నించేలోపే వాళ్లు తుపాకులు తీసి కాల్పులు జరిపారు. కానిస్టేబుల్ లింగయ్య, హోంగార్డు మహేశ్ చనిపోయారు. సీఐ మొగిలయ్య, మరో హోంగార్డు గాయపడ్డారు. మొదట ఇది అంతర్రాష్ట్ర దొంగల ముఠా పనే అనుకున్నారు. అప్పటికి సూర్యాపేట ఇంకా జిల్లా కాదు, ఉమ్మడి నల్గొండలోనే ఉంది. జిల్లా మొత్తం గాలింపు మొదలైంది.

మూడో రోజు, ఏప్రిల్ 4 ఉదయం, మోత్కూరు మండలం జానకీపురం దగ్గర ఆ ఇద్దరూ పోలీసులకు ఎదురుపడ్డారు. ఎదురుకాల్పుల్లో ఇద్దరూ హతమయ్యారు. కానిస్టేబుల్ నాగరాజు అక్కడే ప్రాణాలు కోల్పోయారు. తీవ్రంగా గాయపడిన ఎస్సై సిద్ధయ్య ఏప్రిల్ 7న ఆస్పత్రిలో కన్నుమూశారు. మొత్తం నలుగురు పోలీసు సిబ్బంది.

చనిపోయిన దుండగులు ఎవరన్నది ఆ తర్వాతే తేలింది. నిషేధిత సిమి సంస్థకు చెందిన అస్లం, ఎజాజుద్దీన్. 2013 అక్టోబర్ 1న మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా జైలు నుంచి తప్పించుకున్నవాళ్లలో వీళ్లున్నారు. అంటే పద్దెనిమిది నెలలుగా పరారీలో ఉన్నారు.

ఆ పద్దెనిమిది నెలల్లో ఈ ముఠా ఎక్కడెక్కడ తిరిగిందో చూస్తే అసలు సమస్య అర్థమవుతుంది. 2014 ఫిబ్రవరి 1న కరీంనగర్ జిల్లా చొప్పదండిలో ఎస్‌బీఐ బ్రాంచ్ దోపిడీ జరిగింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్‌లో ఒక ఇంట్లో పేలుడు జరిగింది. రెండింటి వెనుకా ఈ ముఠానే ఉందని దర్యాప్తు సంస్థలు తర్వాత చెప్పాయి. మిగిలిన నలుగురు 2016 ఫిబ్రవరిలో ఒడిశాలోని రూర్కెలాలో దొరికారు. తెలంగాణ, ఒడిశా పోలీసులు కలిసి చేసిన ఆపరేషన్ అది. కథ అక్కడితో ఆగలేదు. అదే ఏడాది అక్టోబర్ 31 తెల్లవారుజామున వీళ్లు మరో నలుగురితో కలిసి భోపాల్ సెంట్రల్ జైలు నుంచి హెడ్ కానిస్టేబుల్‌ను చంపి పారిపోయారు. ఆ రోజే ఎన్‌కౌంటర్‌లో ఎనిమిది మందీ చనిపోయారు.

జైలు మధ్యప్రదేశ్‌ది. బ్యాంక్ తెలంగాణది. పేలుడు యూపీలో. షెల్టర్ ఒడిశాలో. నాలుగు రాష్ట్రాల పోలీసుల దగ్గర నాలుగు ముక్కలున్నాయి. సూర్యాపేట బస్టాండ్‌లో టార్చిలైట్ పట్టుకుని బస్సు ఎక్కిన కానిస్టేబుల్ చేతిలో మాత్రం ఒక్క ముక్క కూడా లేదు. ఎదురుగా కూర్చున్నవాళ్లు దేశమంతా వెతుకుతున్న మనుషులని తెలిసి ఉంటే ఆ తనిఖీ అలా జరిగేది కాదు.

ఏ సంస్థ ఎవరి కింద?

రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో 'పోలీసు', 'శాంతిభద్రతలు' రెండూ రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. కాబట్టి దొంగతనం నుంచి హత్య వరకు ఏ నేరమైనా మొదట రాష్ట్ర పోలీస్ స్టేషన్‌దే. కేంద్రం చేతిలో ఉన్నవి ప్రత్యేక పనులకు పెట్టుకున్న సంస్థలు. సీబీఐ ప్రధాని చూసే సిబ్బంది వ్యవహారాల శాఖ కిందకు వస్తుంది. ఎన్ఐఏ, నార్కోటిక్స్ బ్యూరో, ఇంటెలిజెన్స్ బ్యూరో హోం శాఖ కింద ఉంటాయి. ఈడీ, కస్టమ్స్ వైపు డీఆర్ఐ ఆర్థిక శాఖలో ఉంటాయి. రైల్వే పోలీసుల్లో ఆర్‌పీఎఫ్ రైల్వే శాఖది. ఇంటెలిజెన్స్ బ్యూరో దేశంలో అందరికంటే ఎక్కువ సమాచారం సేకరించే సంస్థ కావచ్చు, కానీ దానికి ఒక్క మనిషిని కూడా అరెస్ట్ చేసే అధికారం లేదు. అరెస్ట్ కావాలంటే రాష్ట్ర పోలీసులకే చెప్పాలి.

అమెరికాలో సీన్ వేరు. డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో పిల్లలున్న కోదాడ తల్లిదండ్రులు ఎఫ్‌బీఐ పేరు వినే ఉంటారు. అక్కడ ఫెడరల్ నేరాలు వేరు, రాష్ట్ర నేరాలు వేరు, కోర్టులు కూడా వేరు. ఫెడరల్ నేరమైతే ఎఫ్‌బీఐ ఏ రాష్ట్రాన్నీ పర్మిషన్ అడగాల్సిన పని లేదు. ఇక్కడ దేశమంతటికీ ఒకే భారతీయ న్యాయ సంహిత. చట్టం ఒకటే అయినప్పుడు దర్యాప్తు ఎవరు చేయాలన్నదే గొడవ అవుతుంది. సీబీఐ చుట్టూ నడిచే రాజకీయమంతా ఇక్కడి నుంచే పుడుతుంది.

సీబీఐ: ఢిల్లీ చట్టం, రాష్ట్రాల తలుపు

సీబీఐ పేరుతో పార్లమెంటు చేసిన చట్టమే లేదు. 1963 ఏప్రిల్ 1న కేంద్రం ఒక తీర్మానంతో దాన్ని ఏర్పాటు చేసింది. అధికారాలేమో 1946 నాటి ఢిల్లీ స్పెషల్ పోలీస్ ఎస్టాబ్లిష్‌మెంట్ చట్టం నుంచి వస్తాయి. పేరులోనే ఢిల్లీ ఉంది కాబట్టి ఢిల్లీ దాటాలంటే సెక్షన్ 6 ప్రకారం ఆ రాష్ట్ర సమ్మతి కావాలి. (2013 నవంబర్‌లో గువాహటి హైకోర్టు అసలు సీబీఐ ఏర్పాటే చెల్లదని తీర్పిచ్చింది. మూడు రోజుల్లోనే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది కాబట్టి బండి నడుస్తోంది.)

ఈ సమ్మతి ఎప్పుడు ఉంటుంది, ఎప్పుడు పోతుంది అనేది చట్టం కంటే రాజకీయాన్ని బట్టే ఎక్కువగా నడిచింది. ఏపీలో 2018 నవంబర్‌లో చంద్రబాబు ప్రభుత్వం రద్దు చేసింది, 2019లో జగన్ ప్రభుత్వం తిరిగి ఇచ్చింది. తెలంగాణలో 2022 ఆగస్టులో ఇచ్చిన జీవో రెండు నెలల పాటు బయటికే రాలేదు. అక్టోబర్ చివర్లో ఎమ్మెల్యేల కొనుగోలు కేసు హైకోర్టుకు వచ్చినప్పుడు ప్రభుత్వ లాయర్ చెబితేనే అందరికీ తెలిసింది. తమాషా ఏంటంటే, అదే కేసును 2022 డిసెంబర్ 26న హైకోర్టు సీబీఐకి అప్పగించింది. సమ్మతి లేకపోయినా హైకోర్టు, సుప్రీంకోర్టు సీబీఐ దర్యాప్తుకు ఆదేశించవచ్చని 2010లోనే రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది మరి.

అధికారం మారాక తెలంగాణలో పరిస్థితి తిరగబడింది. కాళేశ్వరం ప్రాజెక్టు దర్యాప్తును సీబీఐకి ఇస్తామని రేవంత్ రెడ్డి ప్రభుత్వం ప్రకటించింది. పాత రద్దు జీవో అడ్డుగా ఉండటంతో 2025 సెప్టెంబర్ 1న ఆ ఒక్క కేసు కోసం విడిగా సమ్మతి ఇవ్వాల్సి వచ్చింది. తలుపు వేసింది ఒక ప్రభుత్వం, కిటికీ తెరిచింది ఇంకో ప్రభుత్వం. రెండూ తమకు కావాల్సినప్పుడే చేశాయి.

మిర్యాలగూడలో ఇది ఎలా ఉంటుందో చూద్దాం. ఈ ఊరు రైస్ మిల్లులకు పేరు. మిల్లర్ ప్రభుత్వ ధాన్యాన్ని మర ఆడించి బియ్యం ఇవ్వాలి. ఆ బియ్యాన్ని తీసుకునే దగ్గర ఎఫ్‌సీఐ ఉద్యోగి లంచం అడిగితే ఆయన కేంద్ర సంస్థ మనిషి, కాబట్టి మామూలుగా ఫిర్యాదు హైదరాబాద్ కోఠిలోని సీబీఐకి వెళ్తుంది. ధాన్యం కేటాయించే దగ్గర సివిల్ సప్లైస్ ఉద్యోగి అడిగితే రాష్ట్ర ఏసీబీకి, టోల్‌ఫ్రీ 1064కి. బియ్యం ఒకటే, మిల్లు ఒకటే, లంచం తీసుకునే కుర్చీని బట్టి పట్టుకునేవాళ్లు మారతారు. సమ్మతి రద్దయితే ఎఫ్‌సీఐ ఉద్యోగిపై సీబీఐ కేసు పెట్టలేదా అన్న ప్రశ్న రావచ్చు. ఇలాంటి వాదనే ఏపీకి చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జనవరి 2న కోర్టు స్పష్టంగా చెప్పింది: కేంద్ర చట్టం కింద కేంద్ర ఉద్యోగిపై ఎఫ్ఐఆర్ పెట్టడానికి, ఆయన ఏ రాష్ట్రంలో పనిచేస్తున్నారన్న కారణంతో ఆ రాష్ట్ర సమ్మతి అక్కర్లేదు. మొత్తానికి సమ్మతి రద్దు ఎక్కువగా కాపాడేది రాష్ట్ర నాయకులు, అధికారులకు సంబంధించిన కేసుల్లోనే.

ఈడీకి సమ్మతి గొడవే లేదు

ఈడీకి రాష్ట్రం పర్మిషన్ అవసరం లేదు. కానీ అది గాల్లోంచి కేసు పెట్టలేదు. మనీలాండరింగ్ చట్టం ప్రకారం ముందుగా ఇంకొక నేరం నమోదై ఉండాలి. ఆ నేరం చట్టం జాబితాలోది అయి ఉండాలి. చీటింగ్ సెక్షన్ ఆ జాబితాలో ఉంది. సూర్యాపేటలో ఏదో ఒక స్టేషన్‌లో రైటర్ రాసిన చీటింగ్ ఎఫ్ఐఆర్ ఆధారంగా ఏడాది తర్వాత ఈడీ ఆస్తులు అటాచ్ చేయొచ్చు. మూల కేసు కోర్టులో కొట్టేస్తే ఈడీ కేసు కూడా నిలవదని 2022 జూలై 27న సుప్రీంకోర్టు చెప్పింది. ఢిల్లీలో హెడ్డింగులు పెట్టించే కేసు బతకాలన్నా, చావాలన్నా మొదటి ఎఫ్ఐఆర్ ఎంత గట్టిగా రాశారన్నదే ముఖ్యం.

ఎన్ఐఏకు ఎస్పీ పెన్ను కావాలి

26/11 ముంబై దాడుల తర్వాత నెల రోజుల్లోనే పార్లమెంటు ఎన్ఐఏ చట్టం చేసింది. ఇక్కడ సమ్మతి ఊసే లేదు. జాబితాలో ఉన్న నేరం స్టేషన్‌లో నమోదైతే ఆ రిపోర్ట్ రాష్ట్ర ప్రభుత్వానికి, అక్కడి నుంచి కేంద్రానికి వెళ్లాలి. కేంద్రం 15 రోజుల్లో నిర్ణయం తీసుకోవాలి. ఎవరూ పంపకపోయినా కేంద్రం తనంతట తాను కూడా కేసు తీసుకోవచ్చు. 2019 సవరణతో మనుషుల అక్రమ రవాణా, సైబర్ టెర్రరిజం వంటివి కూడా ఈ జాబితాలోకి వచ్చాయి. 2013 ఫిబ్రవరి 21 దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసు దర్యాప్తు చేసి ఉరిశిక్షలు పడేలా చేసింది ఎన్ఐఏనే. 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు ఆ శిక్షలను ఖరారు చేసింది.

ఒక చిన్న విషయాన్ని చాలామంది గమనించరు. ఎన్ఐఏ వచ్చి కేసు తీసుకునే వరకు దర్యాప్తు కొనసాగించాల్సింది స్థానిక స్టేషన్ అధికారే అని చట్టమే చెబుతోంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 113 ఉగ్రవాద నేరం గురించి ఉంది. దాని కింద కేసు పెట్టాలా, లేక యూఏపీఏ కింద పెట్టాలా అన్నది నిర్ణయించేది ఎస్పీ ర్యాంక్‌కు తగ్గని అధికారి. అంటే సూర్యాపేట లాంటి జిల్లాలో ఎస్పీ. కేసు ఢిల్లీ దారి పట్టాలా వద్దా అన్న మొదటి సంతకం జిల్లా కేంద్రంలోనే పడుతుంది.

ముంబై దాడుల తర్వాత ఇంకో ప్రయత్నం కూడా జరిగింది. అన్ని సంస్థల సమాచారాన్ని ఒకచోటికి తెచ్చేందుకు జాతీయ ఉగ్రవాద నిరోధక కేంద్రం పెట్టాలని 2012 ఫిబ్రవరిలో అప్పటి హోంమంత్రి చిదంబరం ప్రతిపాదించారు. ఇంటెలిజెన్స్ బ్యూరోకి అరెస్ట్ అధికారం ఇస్తారా అంటూ ముఖ్యమంత్రులు ఎదురుతిరిగారు. ఆ ఆలోచన అటకెక్కింది. ముఖ్యమంత్రుల భయంలో అర్థం లేకపోలేదు. గూఢచారికి సంకెళ్లు కూడా ఇస్తే అడిగేవాడుండడు. కానీ అరెస్ట్ అధికారం తీసేసి, సమాచారం పంచుకునే భాగాన్నైనా అప్పుడే గట్టిగా నిలబెట్టి ఉండాల్సింది. ఆ చర్చ జరిగిన ఏడాదిన్నరకు ఖండ్వా జైలు గోడ దూకారు. మూడేళ్లకు సూర్యాపేట జరిగింది.

ఇప్పుడు పరిస్థితి కొంత మెరుగే. దేశంలో 17 వేలకు పైగా పోలీస్ స్టేషన్లు సీసీటీఎన్ఎస్ నెట్‌వర్క్‌లో ఉన్నాయి. వేలిముద్రల జాతీయ డేటాబేస్ 2022లో మొదలైంది. అర్ధరాత్రి హైవే మీద నిలబడిన కానిస్టేబుల్ ఫోన్‌లో ఆ సమాచారం ఎన్ని సెకన్లలో తెరుచుకుంటుంది అన్నదే అసలు పరీక్ష.

అన్నింటికీ ఢిల్లీనే కావాలా?

అక్కర్లేదని మిర్యాలగూడే చూపించింది. 2018 సెప్టెంబర్ 14న అక్కడి ఆస్పత్రి ముందు జరిగిన పరువు హత్య దేశమంతా కలకలం రేపింది. నరికింది బిహార్ నుంచి తెచ్చిన కిరాయి మనిషి. నిందితుల్లో ఒకరు 2003 నాటి గుజరాత్ మాజీ హోంమంత్రి హరేన్ పాండ్య హత్య కేసులో సీబీఐ పట్టుకున్నవాడే. ఇంతకంటే అంతర్రాష్ట్ర కేసు ఏముంటుంది? అయినా నల్గొండ పోలీసులే బిహార్ వెళ్లి పట్టుకొచ్చారు, వాళ్లే చార్జిషీట్ వేశారు. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి జీవిత ఖైదు విధించింది. ఆరున్నరేళ్లు పట్టిందన్న బాధ వేరే. దర్యాప్తు మాత్రం జిల్లా దాటలేదు.

గంజాయి సంగతి మాత్రం అలా కాదు. ఆంధ్రా-ఒడిశా బోర్డర్ నుంచి వచ్చే సరుకు కోదాడ మీదుగా హైదరాబాద్ వైపు వెళ్తుంది. ఇటు మిర్యాలగూడ వైపు వాడపల్లి దగ్గర కృష్ణా నది దాటే దారి కూడా ఉంది. ఎన్‌డీపీఎస్ చట్టం కింద పట్టుకునే అధికారం రాష్ట్ర పోలీసులకు, ఎక్సైజ్‌కు, నార్కోటిక్స్ బ్యూరోకు, డీఆర్ఐకి అందరికీ ఉంది. ఏపీలో 'ఈగల్' పేరుతో ప్రత్యేక విభాగం ఉంటే, తెలంగాణ కూడా 2025 జూన్‌లో 'ఈగల్' అనే పేరే పెట్టుకుంది. బోర్డర్‌కు అటూ ఇటూ రెండు గద్దలు. పట్టుబడేది ఎక్కువగా డ్రైవర్లే. సరుకు ఎవరిది, డబ్బు ఎక్కడికి వెళ్లింది అనేది రెండు రాష్ట్రాల ఫైళ్లు కలిస్తేగానీ తేలదు.

ఇక రైల్వేలో ఇంకో చిక్కు. సికింద్రాబాద్-గుంటూరు లైన్‌పై ఉన్న మిర్యాలగూడ స్టేషన్‌లో ప్రయాణికుడి బ్యాగ్ పోతే కేసు రాష్ట్ర ప్రభుత్వ జీఆర్‌పీది. రైల్వే ఆస్తి పోతే కేంద్రం ఆర్‌పీఎఫ్‌ది. ఖాకీ ఒకేలా ఉంటుంది, అడిగితే "అటు వెళ్లండి" అంటారు.

సాగర్ డ్యాంపై సీఆర్‌పీఎఫ్ ఎందుకు?

2023 నవంబర్ 30. తెలంగాణలో అసెంబ్లీ పోలింగ్ రోజు. తెల్లవారేసరికి ఏపీ పోలీసులు నాగార్జునసాగర్ డ్యాంపైకి వచ్చి, 13వ గేటు దగ్గర కంచె వేసి, కుడి కాలువకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నీళ్లపై బతికే మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ రైతులకు ఇది మామూలు వార్త కాదు. ఏపీ పోలీసులపై నల్గొండ జిల్లా పోలీసులు కేసు పెట్టారు. రెండు రాష్ట్రాల ఖాకీలు డ్యాంపై ఎదురెదురుగా నిలబడ్డారు.

మరుసటి రోజు కేంద్ర హోం కార్యదర్శి రెండు రాష్ట్రాలతో మాట్లాడి, నవంబర్ 28 నాటి పరిస్థితికి వెళ్లాలని, డ్యాం కాపలా సీఆర్‌పీఎఫ్‌కు ఇవ్వాలని ప్రతిపాదించారు. ఇద్దరూ ఒప్పుకున్నారు. సీఆర్‌పీఎఫ్ వచ్చింది. అది కేసులు పెట్టే సంస్థ కాదు, కాపలా బలగం మాత్రమే. నీళ్ల లెక్క తేల్చే అధికారం దానికి లేదు.

ఫోన్‌లో వచ్చే 'సీబీఐ'

ఈ సంస్థల మధ్య తేడా జనానికి తెలియకపోవడమే సైబర్ నేరగాళ్లకు పెట్టుబడి. "మీ పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయి, కస్టమ్స్ నుంచి మాట్లాడుతున్నాం, సీబీఐ ఆఫీసర్‌కు కలుపుతున్నాం, ఈడీ కేసు ఉంది" అంటూ నాలుగు సంస్థల పేర్లు ఒకే కాల్‌లో వాడతారు. అసలు వ్యవస్థలో అవి వేర్వేరు శాఖలవి, ఒకదాన్నుంచి మరోదానికి కేసు వెళ్లాలంటే కాగితం కదలాలి. వీడియో కాల్‌లో మాత్రం నిమిషంలో అందరూ లైన్‌లోకి వస్తారు. అక్కడే దొంగ దొరికిపోతాడు. 'డిజిటల్ అరెస్ట్' అనేది ఏ చట్టంలోనూ లేదు. పోలీసులు ఇచ్చే హాజరు నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ మోసాల దర్యాప్తును దేశవ్యాప్తంగా సీబీఐ చేపట్టాలని 2025 డిసెంబర్ 1న సుప్రీంకోర్టు ఆదేశించింది. సాధారణ సమ్మతి ఇవ్వని రాష్ట్రాలు కూడా ఈ కేసుల వరకు సమ్మతి ఇవ్వాలని కోరింది. డబ్బు పోయినవాళ్లు మాత్రం సీబీఐ కోసం ఎదురుచూడొద్దు. వెంటనే 1930కి కాల్ చేయాలి, తర్వాత దగ్గరలోని స్టేషన్‌కు వెళ్లాలి. "మా పరిధి కాదు" అని పంపించేయడం కుదరదు. ఎక్కడి నేరమైనా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాయాలని కొత్త చట్టం చెబుతోంది. కోదాడ మనిషి డబ్బు ఏ రాష్ట్రంలోని ఖాతాకు వెళ్లినా, కేసు కోదాడ స్టేషన్‌లోనే మొదలవ్వొచ్చు.